గోమారి కాటు కూడా పని ప్రమాదమే

2012 చివర్లో కర్ణాటకలోని బండీపూర్ పులుల అభయారణ్యంలో కోతులు చచ్చిపడ్డాయి. కళేబరాలను అలా వదిలేస్తే కుదరదు కాబట్టి అక్కడ పనిచేసే అటవీ కార్మికులే వాటిని ఎత్తి, పోగేసి, కాల్చారు. ఆ తర్వాత ఆరుగురికి ఉన్నట్టుండి విపరీతమైన జ్వరం, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పులు. పరీక్ష చేస్తే, పశువుల నెత్తురు తాగే గోమారి కాటుతో సోకే వైరస్ జ్వరం, క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్ అని తేలింది. అప్పటిదాకా ఆ జబ్బు శివమొగ్గ, చిక్కమగళూరు, ఉత్తర కన్నడ, దక్షిణ కన్నడ, ఉడుపి జిల్లాలదే అనుకునేవాళ్లు. ఎక్కడో దూరాన ఉన్న చామరాజనగర్ జిల్లాలో బయటపడేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు.

జబ్బు కొత్త చోటికి పాకిందన్నదే అప్పుడు పెద్ద వార్త. అది ముఖ్యమైన సంగతే, కాదనను. కానీ నాకు ఆ కథలో అంతకన్నా ముందు కనిపించేది ఇంకొకటి ఉంది. ఆ ఆరుగురూ అడవికి షికారుకు పోలేదు. కోతుల్ని ముట్టుకోవాలని వాళ్లకేం సరదా లేదు. డ్యూటీలో భాగంగా ఆ పని చేశారు, ఆ పని వల్ల మంచం పట్టారు. కార్ఖానాలో మిషన్ కింద చెయ్యి పడితే దాన్ని పని ప్రమాదం అంటాం. యజమాని ఏం చేశాడు, గార్డు ఎందుకు బిగించలేదు, పరిహారం ఎంత అని అడుగుతాం. అడవిలో పనిచేసేవాడికి గోమారి కుట్టి జ్వరమొస్తే మాత్రం 'జాగ్రత్తగా ఉండాల్సింది' అంటాం.

ఈ రెండో మాట పోవాలి. గోమార్ల వల్ల కూలీలకు వచ్చే జబ్బు వాళ్ల అజాగ్రత్త వల్ల వచ్చేది కాదు, పని వల్ల వచ్చేది. పని ఎవరు చేయించుకుంటున్నారో, కాపాడే బాధ్యత వాళ్లది, ఖర్చు వాళ్లది, జబ్బుపడితే ఇంటికి కూలి డబ్బులు పంపాల్సిందీ వాళ్లే.

మాది హిందూపురం. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. చెట్లు కొలిచే పని నాది. అడవిలో చతురస్రాలుగా ప్లాట్లు గీసుకుని, ఒక్కో చెట్టు చుట్టుకొలత టేపుతో పట్టి, జాతి రాసుకుని, నంబరు కొట్టడం. ఈ పని మీదే శివమొగ్గ జిల్లాలో సాగర, తీర్థహళ్లి వైపు తిరిగాను, నల్లమలలోనూ తిరిగాను. ఎక్కడికి వెళ్లినా ఊరి కూలీలు లేకుండా ఈ పని జరగదు. ముందు ఒకరు కత్తితో పొదలు నరుకుతూ దారి చేస్తారు. వెనక టేపు పట్టేవాళ్లు, ఆ వెనక కాగితం పట్టుకుని మేం.

ఎవరు ఎక్కడ నడుస్తారన్నది గోమార్ల విషయంలో చిన్న సంగతి కాదు. పశువులున్న ఇళ్లవాళ్లకు గోమారి కొత్త కాదు. కొన్నిచోట్ల పిడుదు అంటారు. గేదె చెవి లోపలా, పొదుగు పక్కనా నెత్తురు తాగి ఉబ్బి వేలాడే దాన్ని చూడని రైతు ఉండడు. క్యాసనూర్ జ్వరం విషయంలో మనిషికి ఎక్కువ ప్రమాదం ఆ ఉబ్బిన పెద్దదానితో కాదు, దాని పిల్లతో. ఆవగింజ కన్నా చిన్నగా, ఎండుటాకు రంగులోనే ఉంటుంది. గడ్డి కొసనో, చిన్న మొక్క ఆకు అంచునో ఎక్కి, ముందుకాళ్లు గాల్లోకి చాచి కూర్చుంటుంది. ఒంటి వేడి, ఊపిరి, కదలిక తగిలితే చాలు, వచ్చినవాళ్ల బట్టకు పట్టుకుంటుంది. ముందు నడిచేవాళ్ల కాళ్లకే ఎక్కువ పట్టుకుంటాయి. జట్టులో అందరికన్నా తక్కువ కూలి తీసుకునేదీ ఆ ముందు నడిచేవాడే.

కుడితే నొప్పి తెలియదు. దాని ఉమ్మిలో తిమ్మిరెక్కించే గుణం ఉంది. అందుకే సాయంత్రం వెతుక్కోవాలి. పని నుంచి రాగానే షెడ్డులో మగవాళ్లు చొక్కాలు విప్పి, ఫోన్ టార్చి వేసుకుని ఒకరి వీపు ఒకరు చూస్తారు. చెవుల వెనక, చంకల్లో, మోకాలి మడతల్లో, లుంగీ ముడి బిగిసే నడుము దగ్గర, గజ్జల్లో. కనబడితే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిలువుగా లాగి, సబ్బుతో కడగాలి. కిరసనాయిలు పోయడం, బీడీతో కాల్చడం చేయకూడదు. ఆడవాళ్లకు ఈ వెతుకులాటకు తలుపున్న గది కావాలి. చాలా పనుల్లో ఆ గది ఉండదు. ఇంటికి వెళ్లి స్నానం చేసేదాకా ఆగుతారు. ఈలోగా అది నిక్షేపంగా నెత్తురు తాగుతూనే ఉంటుంది. తలుపున్న గది అనేది ఆరోగ్య శాఖ పోస్టర్ తీర్చగలిగే అవసరం కాదు. పని చేయించేవాళ్లు కట్టించాలి.

జబ్బు గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. 1957 మార్చిలో అప్పటి మైసూరు రాష్ట్రం శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో, క్యాసనూరు అడవి చుట్టుపక్కల కోతులు, కొండముచ్చులు చనిపోవడం, ఆ ఊళ్ల మనుషులకు జ్వరాలు రావడం ఒకేసారి మొదలయ్యాయి. పుణెలోని వైరస్ రీసెర్చ్ సెంటర్ (ఇప్పటి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ) పరిశోధకులు వచ్చి వైరస్‌ను పట్టుకున్నారు. రష్యా అడవుల్లో కలప నరికేవాళ్లకూ సైనికులకూ వచ్చే మెదడువాపు వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. మోసుకొచ్చేది ముఖ్యంగా హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే గోమారి. అక్కడి జనం దీన్ని మంగన కాయిలె అంటారు, కోతి జబ్బని. కోతి కూడా మనలాగే బాధితురాలు. అది చనిపోగానే దాని ఒంటి మీది గోమార్లు దిగి ఆ చుట్టూ నేల మీద పరుచుకుంటాయి. కోతి చచ్చిన చోటు చుట్టూ మందు చల్లమనేది అందుకే. బండీపూర్‌లో కళేబరాలు ఎత్తినవాళ్లు సరిగ్గా అలాంటి చోటికే వెళ్లారు.

కుట్టిన మూడు నుంచి ఎనిమిది రోజుల్లో జ్వరం మొదలవుతుంది. నుదుట పగిలిపోయేంత తలనొప్పి, కండరాల నొప్పులు, వాంతులు. కొందరికి చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం. తగ్గిందనుకున్నాక కొందరికి మళ్లీ తిరగబెట్టి మెదడు మీద పని చేస్తుంది. జబ్బుపడ్డ ప్రతి నూరుమందిలో ముగ్గురి నుంచి ఐదుగురు చనిపోతారని లెక్క. వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించి, జ్వరం దించి, రక్తస్రావాన్ని కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. బతికి బయటపడ్డవాళ్లకూ వారాల తరబడి నీరసం. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో వారాల తరబడి నీరసం అంటే అప్పు అని అర్థం.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. నా వాదనకు అన్నిటికన్నా గట్టి ఆధారం నాకు అక్కడే కనిపిస్తుంది. వానలు తగ్గాక గోమారి గుడ్లు పొదిగి లార్వాలు వస్తాయి. చలికాలంలో అవి మనుషుల్ని కుట్టే పిల్ల దశకు ఎదుగుతాయి. డిసెంబరు, జనవరి నుంచి మే దాకా వాటి జోరు. మళ్లీ వానలొచ్చేసరికి పెద్దవై పశువుల మీదికి పోతాయి. శివమొగ్గ చుట్టుపక్కల కొండసీమ మలెనాడులో పనులు ఎప్పుడుంటాయి? వక్క కోతలు వానలు తగ్గాక. పశువుల కొట్టంలో పరుపుకీ, తోటల్లో ఎరువుకీ అడవిలో ఎండుటాకు ఊడ్చి తేవడం చలికాలంలో. కార్చిచ్చు రాకుండా ఫైర్ లైన్లు గీసి ఆకు తీసేయడం జనవరి, ఫిబ్రవరుల్లో. జీడిమామిడి కాయ ఏరడం ఫిబ్రవరి నుంచి మే. మా చెట్ల కొలతలు కూడా దారులు ఎండే ఈ నెలల్లోనే. గోమారి ఆకలిగా ఉండే నెలలూ, కూలి దొరికే నెలలూ ఒకటే. 'ఈ నెలల్లో అడవిలోకి వెళ్లకండి' అని మైకులో చెప్పడమంటే, ఈ నెలల్లో సంపాదించుకోకండి అని చెప్పడమే.

ఎండుటాకు గురించి ఇంకొక్క మాట. శివమొగ్గలో జబ్బుపడ్డవాళ్లనూ పడనివాళ్లనూ పోల్చి చూసినప్పుడు, ఇంటి ఆవరణలో ఎండుటాకు కుప్పలు ఉండటం, పశువుల పని చేయడం ముప్పును పెంచుతున్నాయని తేలింది. అంటే అడవికి వెళ్లిన మగాడికే కాదు, ఆకు పరిచిన కొట్టంలో పేడ తీసే ఇల్లాలికీ ఇది పనితో వచ్చే ముప్పే. ఆమెకు యజమాని అంటూ ఎవరూ లేరు. ఆమె సంగతి మళ్లీ చెప్తాను.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఈ వైరస్‌ను ల్యాబు భద్రతలో అన్నిటికన్నా పై మెట్టు అయిన బీఎస్ఎల్-4 జాబితాలో పెట్టింది. అంటే గాలి గొట్టం తగిలించిన సూటు, తలుపు వెనక తలుపు, బయటికి వచ్చేముందు రసాయనాల స్నానం. తొలి రోజుల్లో ఈ వైరస్ మీద పనిచేసిన ల్యాబు సిబ్బందికే జబ్బు సోకింది కాబట్టి అంత జాగ్రత్త అవసరమే. అదే వైరస్ ఉండే గోమార్ల మధ్య పొద్దంతా వంగి పనిచేసే మనిషి కాళ్లకు హవాయి చెప్పులు. ఈ రెండిటి మధ్య తేడా వైరస్‌లో లేదు. ల్యాబులో జబ్బుపడితే అది సంస్థ వైఫల్యం. అడవిలో జబ్బుపడితే మనిషి తలరాత.

ఆ తలరాత అనే మాటకే మన అధికార భాషలో పేరు 'అవగాహన లోపం'. నిండు చేతుల చొక్కా వేసుకోండి, ప్యాంటు సాక్సులోకి దోపండి, నూనె రాసుకోండి, వేడినీళ్లతో స్నానం చేయండి అని గోడల మీద రాస్తారు. అన్నీ మంచి సలహాలే. నేనూ పాటిస్తాను, మీరూ పాటించండి. కానీ మార్చి ఎండలో జీడితోటలో కాయ ఏరే ఆమెకు సాక్సులు ఎవరు కొనిచ్చారు? చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు, అంతవరకు వాళ్ల చేతిలో ఉంది కాబట్టి. నూనె సంగతి నేను దగ్గరుండి చూశాను. డీఆర్‌డీఓ రూపొందించిన డీఈపీఏ నూనెను కర్ణాటక ఆరోగ్య శాఖ ఊళ్లలో ఉచితంగా పంచుతుంది. రాసుకుంటే గోమార్లు దూరంగా ఉంటాయి, కానీ చెమటకు కారిపోతుంది, మధ్యాహ్నం మళ్లీ రాసుకోవాలి. నేను పనిచేసిన ఒక ఏజెన్సీ తన సిబ్బందికి తలా ఒక సీసా ఇచ్చింది. ముందు నడిచి పొదలు నరికే ఊరి కూలీలకు ఇవ్వలేదు. అడిగితే, వాళ్లకు పీహెచ్‌సీలో ఇస్తారు కదా అన్నారు. పీహెచ్‌సీ తెరిచేలోపే వాళ్లు పనిలో ఉంటారు. అది మూసేశాక ఇల్లు చేరతారు. వెళ్లి తెచ్చుకోవాలంటే ఒక పూట కూలి వదులుకోవాలి. ఉచితమన్న నూనె ఖరీదు అలా ఒక పూట కూలి అయింది.

మా జట్టులో ఒక పెద్దాయన ఉండేవాడు. అరళగోడు వైపు మనిషి. సాగర తాలూకాలోని ఆ ప్రాంతంలోనే 2018 చివర మొదలై 2019లో ఈ జబ్బు చాలా ఇళ్లను ముంచింది. వాళ్ల వీధిలోనూ మనుషులు పోయారు. 'సార్, మాకు తెలియక కాదు. మీకు తెలిసినదానికన్నా మాకే ఎక్కువ తెలుసు. తెలిసినంత మాత్రాన పనికి రాకుండా ఉంటామా?' అన్నాడు. అవగాహన లోపం అనేవాళ్లు ఆయనతో ఒక్క రోజు పనిలోకి రావాలి.

పని మారితే జబ్బు ఎలా మారుతుందో ఈ జబ్బు చరిత్రలోనే ఉంది. 1980ల మొదట్లో దక్షిణ కన్నడలోని బెళ్తంగడి తాలూకాలో జీడితోటల కోసం పెద్ద ఎత్తున అడవి కొట్టారు. ఆ వెంటే పెద్ద విజృంభణ, వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు. 2015 నుంచి గోవాలోని సత్తరి తాలూకాలో జీడితోటల్లో పనిచేసేవాళ్లకు వచ్చింది. అక్కడికి కాయ ఏరడానికి బెళగావి జిల్లా నుంచి వలస వెళ్లిన కూలీలు జబ్బుతో సొంతూళ్లకు తిరిగొచ్చారు. జీడి కూలీలకు ఇది వృత్తి వల్ల అంటుకుంటున్నదని పుణె వైరాలజీ సంస్థ పరిశోధకులు 2017లో స్పష్టంగా రాశారు కూడా. పరిశోధన పత్రం ఆ మాట అనగలిగింది. తోట యజమాని కూలి రిజిస్టరు ఇంకా అనడం లేదు.

వలస కూలీల సంగతి టీకా దగ్గర బాగా తెలుస్తుంది. ఈ జబ్బుకు 1990 నుంచి కర్ణాటకలో ఒక టీకా వేసేవాళ్లు. నెల తేడాతో రెండు డోసులు, ఆరు నుంచి తొమ్మిది నెలల్లో బూస్టరు, తర్వాత ఏటా మళ్లీ. 2005 నుంచి 2010 వరకు లెక్కలు తీస్తే రెండు డోసులతో సుమారు 62 శాతం, బూస్టరుతో కలిపి సుమారు 83 శాతం రక్షణ అని తేలింది. సూది పడ్డచోట నొప్పి ఎక్కువని, ప్రతిసారీ రోజుకూలి పోతుందని చాలామంది మధ్యలో మానేశారు. టీకాలో పస తగ్గిందని తేలి 2022లో దాన్ని ఆపేశారు. టీకాలు వేసిన పద్ధతి చూడండి: జబ్బు కనబడ్డ ఊరి చుట్టూ ఐదు కిలోమీటర్ల వలయం. బెళగావి నుంచి సీజనుకు గోవా వెళ్లే కూలీ ఏ వలయంలో పడతాడు? అతని ఊళ్లో జబ్బు లేదు. జబ్బున్న ఊళ్లో అతనికి ఇల్లు లేదు.

ఇప్పుడు ఐసీఎంఆర్‌తో కలిసి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కొత్త టీకా మీద పనిచేస్తోంది. గాలికుంటు టీకాతో మన పశువుల రైతులకు బాగా తెలిసిన కంపెనీయే. ఆ టీకా త్వరగా రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. వచ్చాక వలయంతో పాటు పని కూడా చూడాలి. ఫైర్ లైన్ కూలీలు, వాచర్లు, ఆకు ఊడ్చేవాళ్లు, జీడి సీజను వలస జట్లు, పశువుల ఆస్పత్రి సిబ్బంది ముందు వరసలో ఉండాలి. పని దొరికే చోటే సూది వేయాలి. ఆ రోజు కూలి ఇవ్వాలి. ఒళ్లు నొప్పులతో రాలేకపోతే మర్నాటిదీ ఇవ్వాలి. ఏడాదికి రెండు మూడు రోజుల కూలి అనేది తోట ఖర్చులో ఎంత?

చట్టం దగ్గరికొస్తే, దారి లేకపోలేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో పార్ట్ ఏ కింద మొట్టమొదటి అంశమే అంటువ్యాధులు, పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బులు. జంతువులను, కళేబరాలను ముట్టుకునే పనులు అందులో ఉండేవి. సోకే ముప్పు ప్రత్యేకంగా ఉన్న ఇతర పనులు అని కూడా ఉండేది. అలాంటి పనిలో ఉండగా ఆ జబ్బొస్తే దాన్ని ప్రమాదంలో తగిలిన దెబ్బగానే లెక్కగట్టాలని ఆ చట్టం అనేది. కూలీని పెట్టింది కాంట్రాక్టరైనా అసలు యజమాని తప్పించుకోలేడని సెక్షన్ 12 ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ వృత్తి వ్యాధుల షెడ్యూలు ఉంది. బండీపూర్‌లో జరిగింది దీనికి అతికినట్టు సరిపోతుంది. కానీ పరిహారం తేల్చే కమిషనర్ దగ్గరికి వెళ్లి, ఫలానా తేదీన ఫలానా చోట నన్ను గోమారి కుట్టిందని నిరూపించే స్థోమత రోజుకూలీకి ఎక్కడిది? పని చేసిన రోజుల మస్టరు కూడా అతని చేతిలో ఉండదు. అందుకే జబ్బున్న తాలూకాలు, సీజను నెలలు, పనుల పేర్లు ముందే ప్రకటించి, ఆ మూడూ కలిస్తే పని వల్లే వచ్చిందని ఒప్పుకునేలా ఉండాలి. కాదని నిరూపించుకునే భారం యజమాని మీద పెట్టాలి.

2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో, తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పశువుల నుంచి సోకే ఆంత్రాక్స్ ఉండేది. ఉన్ని, తోళ్లు కార్ఖానాలోకి వస్తాయి, గోడల లోపల కూలీకి సోకుతుంది, కాబట్టి కనబడింది. అడవికి గోడలు లేవు. పోనీ అడవి ప్రమాదాలకు డబ్బివ్వడం మన ప్రభుత్వాలకు చేతకాదా అంటే, బాగా చేతవును. ఏనుగు తొక్కినా, పులి చంపినా కుటుంబానికి ఇంత అని రేటు ఉంది. కేంద్ర పథకంలో దాన్ని 2023లో 10 లక్షల రూపాయలకు పెంచారు. అదే అడవి, అదే వాచర్, అదే డ్యూటీ. చంపింది పులి కాకుండా గోమారి అయితే ఆ పట్టికలో అతని పేరుకు చోటు లేదు.

అభ్యంతరాలు ఉన్నాయి. కొన్ని బలమైనవే. ఊరివాళ్లు సొంత పనికీ అడవిలోకి వెళ్తారు కదా, మా పనిలోనే కుట్టిందని ఎలా చెప్తారు అని కాంట్రాక్టర్లు అంటారు. రోజులో వెలుగున్న గంటలన్నీ మీ పనిలోనే గడిపిన మనిషికి ఈ ప్రశ్న వేయడం న్యాయం కాదు. పుట్టి పెరిగింది ఇక్కడే, వాళ్లకు అలవాటే అనే మాట నేను అసలు ఒప్పుకోను. మలెనాడులో ఈ జబ్బుతో పోయినవాళ్లందరూ అక్కడ పుట్టి పెరిగినవాళ్లే.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం వేరు. దీన్ని పని ప్రమాదంగా గుర్తిస్తే అధికారులు చేసే మొదటి పని అడవి గేటుకు తాళం వేయడమేమో. ఆకు, తేనె, వంటచెరకు మీద బతికేవాళ్లకు అటవీ హక్కుల చట్టం ఇచ్చిన కాస్త హక్కునూ జబ్బు పేరు చెప్పి లాక్కుంటారేమో. ఈ భయం ఉత్తిది కాదు. అందుకే ముందు అడగాల్సింది నిషేధం కాదు, రక్షణ. ఇందాక చెప్పిన, కొట్టంలో పేడ తీసే ఆమెలాంటి యజమాని లేనివాళ్లకు ప్రభుత్వమే యజమాని స్థానంలో నిలబడాలి. నూనె ఇంటికి రావాలి, టీకా వీధిలోకి రావాలి, పశువులకు గోమార్ల మందు వేళకు వేయాలి, జబ్బుపడితే రోజుకింత అని బ్యాంకు ఖాతాలో పడాలి.

మన వైపు ఇదంతా ఎందుకు అంటారేమో. నల్లమలలో క్యాసనూర్ జ్వరం ఉందని నేను అనడం లేదు. కానీ పురుగు కుట్టి పనివాళ్లు జబ్బుపడటం మనకు కొత్త కాదు. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి టీవీలో స్క్రబ్ టైఫస్ మాటే. అది గోమారి కాదు, దాని దూరపు బంధువైన నల్లిలాంటి పురుగు లార్వా. పొదల్లో, గట్ల మీద గడ్డిలో ఉంటుంది. కుట్టిన చోట చాలామందికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. నొప్పి ఉండదు. గజ్జల్లో, చంకలో, రొమ్ము కింద, చీర కుచ్చిళ్ల దగ్గర నడుము మీద. అడిగి చూస్తే తప్ప కనబడదు. దీనికి మందుంది, చవకైన డాక్సీసైక్లిన్. వేళకు పడితే మనిషి లేచి కూర్చుంటాడు, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. మరి మన దగ్గర జ్వరం దారి ఎలా ఉంటుంది? ముందు ఆర్ఎంపీ దగ్గర సూది. రెండో రోజు విడాల్ టెస్టు, 'టైఫాయిడ్' అన్న మాట. ఆ తర్వాత ప్లేట్‌లెట్స్ టెన్షన్. టౌనుకు వచ్చేసరికి వారం గడిచిపోతుంది. ఈ దారిలో ఎవరూ 'ఏం పని చేస్తావమ్మా?' అని అడగరు. ఓపీ చీటీలో వయసుంది, ఊరుంది, పని రాసే గడి లేదు. గట్టు మీద గడ్డి కోసేదాన్ని అని ఆమె చెప్తే చూసే డాక్టరు చెయ్యి పొక్కు కోసం వెతుకుతుంది.

నల్లమలలో అమ్రాబాద్, శ్రీశైలం వైపు పులుల కాపలాకు బేస్ క్యాంపుల్లో ఉండేవాళ్లలో చెంచులు చాలామంది. వేసవిలో ఫైర్ లైన్లు వాళ్లవే. ఆ వెంటే తునికాకు సీజను, ఊళ్లకు ఊళ్లు తెల్లారకముందే అడవిలో ఉంటాయి. ఈ పనులకు కూలి రేటు మీద, కట్టల లెక్క మీద ఏటా చర్చ జరుగుతుంది, జరగాలి కూడా. ఆ బేరంలో బూట్లు, పట్టకారు, జ్వరం రోజుల కూలి కూడా చేరాలి.

చేసినచోట ఇది జరిగింది. జర్మనీలో అడవి కార్మికుడికి గోమారి వల్ల లైమ్ జబ్బు వస్తే జంతువుల నుంచి సోకే వృత్తి వ్యాధుల కింద గుర్తిస్తారు. గోమారి వల్ల వచ్చే మెదడువాపు ముప్పున్న ప్రాంతాల్లో పొదల మధ్య పనిచేసేవాళ్లకు వైద్య పరీక్షా, టీకా యజమాని బాధ్యత. అమెరికాలోని నార్త్ కరోలినాలో బయట పనిచేసేవాళ్లకు గోమార్లను చంపే పర్మెత్రిన్ మందు పట్టించిన యూనిఫారాలు ఇచ్చి చూశారు. మొదటి ఏడు గోమారి కాట్లు 80 శాతానికి పైగా తగ్గాయి. రెండో ఏడాదికి మందు పస తగ్గి రక్షణ బాగా పడిపోయింది. ఏటా కొత్త జత ఇస్తే సరిపోతుందని దానర్థం.

ఈసారి పని ఒప్పుకునేముందు నేను కాగితం మీద నాలుగు విషయాలు రాయించాలని పట్టుబట్టాను. నూనె, సాక్సులు, పట్టకారు జట్టులో అందరికీ, కూలీలతో సహా. సాయంత్రం ఒళ్లు చూసుకునే అరగంట పని గంటల్లోకే. క్యాంపులో ఆడవాళ్లకు తలుపు గడియ పడే గది. పని ఆగిన ఎనిమిది రోజుల్లోపు జ్వరమొస్తే పరీక్ష ఖర్చు, లేచేదాకా రోజుకూలి. మొదటి మూడూ పెద్దగా వాదన లేకుండా ఒప్పుకున్నారు, ఖర్చు ఎంత తక్కువో లెక్క వేసి చూపించాక. నాలుగోదాన్ని 'మానవతా దృక్పథంతో పరిశీలిస్తాం' అని మార్చి పంపారు. ఆ మాట కొట్టేసి, రోజుకు ఇంత అని అంకె వేసి మళ్లీ పంపాను. జవాబు రావాలి. మీరు ఎక్కడైనా అడవి పనికో, తోట పనికో జనాన్ని పెట్టుకునేవాళ్లయితే ఈ నాలుగూ మీ కాగితంలోనూ రాయండి. అంకె ఖాళీగా వదలకండి.